శిఖరానికి రెండొందల గజాల ఇవతల

లాక్లన్ మెక్‌ఫీకి బెన్ ఫ్రేక్ కొండ ఎక్కే దారులు పదకొండు తెలుసు. ఆ పదకొండింట్లో ఏ దారిన పోయినా, ఎవరిని వెంటబెట్టుకుపోయినా, శిఖరం ఇంకో రెండొందల గజాలుందనగా ఆయనకు ఏదో ఒకటి గుర్తొచ్చేది. గుర్తురావడమే తడవు, వెనక్కి తిరిగేవాడు. ఆ కొండ మీద మబ్బు ఎప్పుడు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. దిగితే దారి తెలిసినవాడు ఆయనొక్కడే. అందుకని వెంట వచ్చినవాళ్లు కూడా నోరు మూసుకుని ఆయన వెనకే దిగేవాళ్లు.

కిన్‌లోర్న్ లోయలో అందరికీ ఆయన లాకీ. నలభై ఏళ్లు సైకిల్ మీద ఉత్తరాలు పంచి రిటైరయ్యాడు. ఆయన రిటైరయ్యాడు గానీ ఆ ఎర్ర సైకిల్ మాత్రం కాలేదు. దాని గంట ఎప్పుడో ఊడి వాగులో పడిపోయింది. దారికి అడ్డొచ్చిన గొర్రెల్ని లాకీ తనే నోటితో "ట్రింగ్ ట్రింగ్!" అని అదిలించేవాడు. గొర్రెలు తప్పుకునేవి. అలవాటైన గొర్రెలు మరి.

కొన్నేళ్ల కిందట ఒక జూన్‌లో గ్లాస్గో నుంచి పళ్ల డాక్టరొకాయన వచ్చాడు. భారీ మనిషి. వెంట ఇద్దరు బావమరుదులు, ఇద్దరూ వెదురు బద్దల్లా ఉన్నారు. "నేను కుర్రతనంలో ఇలాంటివి రోజుకు రెండెక్కేవాణ్ణి" అని డాక్టరు దారి పొడుగునా వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. తొమ్మిది మైళ్లు సైకిళ్లు తొక్కారు, మోకాలి లోతు హెదర్ పొదల్లోంచి నడిచారు, రాళ్లెక్కారు. శిఖరం మీది రాళ్ల గుట్ట కనిపించే చోటికి వచ్చేసరికి లాకీ ఠక్కున ఆగిపోయాడు.

"ఆగండాగండి! నా పళ్లు!"

"ఏమయ్యాయి పళ్లు?" అన్నాడు పెద్ద బావమరిది.

"కింద గుడిసెలో మర్చిపోయా. రొట్టె తినేటప్పుడు తీసి కిటికీలో పెట్టా."

"రొట్టె తినడానికి పళ్లు తీయడమేంటండీ?"

"ఓట్ రొట్టె గట్టిగా ఉంటుంది బాబూ, పళ్లు పాడైపోవూ?"

"సరే, కొండెక్కడానికి పళ్లతో పనేంటి? పదండి, నాలుగడుగులేగా!"

అప్పటికే ఒక బండ మీద కూలబడి, ముఖం టమాటాలా చేసుకుని, చొక్కా బొత్తాలు విప్పుకుంటున్న డాక్టరు చెయ్యెత్తాడు. "వృత్తిలో ఉన్నవాణ్ణి, నా మాట వినండి. ఈ వయసులో పళ్లు లేకుండా అంత ఎత్తుకెళ్లడం చాలా ప్రమాదం. దిగుదాం." అందరూ దిగారు. ఆ డాక్టరు ఇప్పటికీ ప్రతి క్రిస్మస్‌కీ లాకీకి ఒక మంచి టూత్‌బ్రష్ పంపిస్తాడు.

ఈ కథ విన్నప్పుడు ఇష్బెల్ గన్‌కు ఒళ్లు మండిపోయింది. లోయలో తారు రోడ్డు ఆగిపోయే చోట ఆమెది టీ కొట్టు. రోజూ ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమె చేసిన బిస్కెట్లను లాకీ పటపటా కొరికి తింటాడు. ఆయన నోట్లో ఉన్న ముప్పై రెండూ సొంత పళ్లేనని ఆమెకు తెలుసు.

"పచ్చి అబద్ధాలకోరువి నువ్వు" అంది ఇష్బెల్ ఆయన ముఖం మీదే.

"ఇంకో బిస్కెట్ పెట్టమ్మాయ్" అన్నాడు లాకీ.

ఇష్బెల్‌ది సొంత బాధ. ఆమెను లాకీ మూడుసార్లు వెనక్కి తిప్పాడు. మొదటిసారి కోళ్లగూడు తలుపు వేయలేదన్నాడు. "కోళ్లని కిందటేడే అమ్మేశావుగా?" అంటే, "గూడుందిగా!" అన్నాడు. రెండోసారి ఇంట్లో రేడియో ఆపలేదన్నాడు. మూడోసారి, ఆబన్‌లో ఉన్న వాళ్లక్క నాలుగింటికి ఫోన్ చేస్తుందన్నాడు. ఆయనింట్లో ఫోన్ లేదన్న సంగతి ఇష్బెల్‌కు సగం కొండ దిగాక గానీ తట్టలేదు.

లోయలో దీని మీద ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకునేవాళ్లు. లాకీకి ఎత్తంటే కళ్లు తిరుగుతాయని కొందరన్నారు. గ్రామ సభ కార్యదర్శి ఎఫీ ర్యాంకిన్ అయితే తేల్చి పారేసింది. "ఆయన జన్మలో ఆ శిఖరం తొక్కి ఉండడు. తొక్కనివాడికి దారులు ఎక్కువ తెలుస్తాయి."

ఇదిలా ఉండగా, ఆ ఆగస్టులో ఇష్బెల్ కొంప ముంచింది కూడా ఈ ఎఫీయే. బెన్ ఫ్రేక్ నడకదారులు, సైకిల్ దారులు అన్నీ కలిపి గ్రామ సభ ఒక చిన్న పుస్తకం వేస్తోంది. ఎఫీ కాగితాల కట్ట చంకలో పెట్టుకుని టీ కొట్టుకు వచ్చింది.

"ఇష్బెల్, పదకొండో పేజీ నీది. శిఖరం మీంచి ఏమేం కనిపిస్తాయో రాసివ్వు."

"నేనా? నేనెందుకు?"

"ఇరవై ఏళ్లుగా వచ్చినోళ్లందరికీ చెప్తున్నావుగా! కింద నీ పేరేసి, 'స్వయంగా చూసినది' అని అచ్చేస్తాం. శుక్రవారం ప్రెస్సుకిచ్చేయాలి."

ఇష్బెల్ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. టీ కొట్టు తెరిచిన మొదటి ఏడు ఎవరో యాత్రికుడు అడిగితే, పైనుంచి మూడు సరస్సులు కనిపిస్తాయని ఆమె నోరు జారింది. ఆ తర్వాత ఐదేళ్లకోటి చొప్పున సరస్సులు పెరుగుతూ వచ్చాయి. ఇప్పటికి ఏడు సరస్సులు, నాలుగు దీవులు, ఆకాశం బాగుంటే ఐర్లండ్ అంచు. ఐర్లండ్ ఎటువైపని ఒకావిడ అడిగినప్పుడు, ఇష్బెల్ కంగారులో మరుగుదొడ్లవైపు చూపించింది. టీ ఇస్తూ నోటితో చెప్పడం వేరు, కింద పేరు పెట్టి అచ్చులో వేయడం వేరు. అచ్చులో అబద్ధం వేస్తే ఈ లోయలో తల ఎలా ఎత్తుకుని తిరుగుతుంది?

"బుధవారం ఎక్కేస్తా" అనుకుంది. "ఈసారి ఆ ముసలాయన్ని వెనక్కి తిరగనిస్తే నా పేరు ఇష్బెల్ కాదు."

మంగళవారమంతా ఆమె యుద్ధానికి సిద్ధమైంది. లాకీ ఇంటికి వెళ్లి, రేపు పొద్దున్నే రమ్మని చెప్పి, ఖాళీ కోళ్లగూటికి తాళం వేసింది. రేడియో ప్లగ్గు పీకి, ప్లగ్గుతో సహా రేడియోను తన కొట్టుకు తెచ్చేసింది. ఆబన్‌లో అక్కకు ఫోన్ చేసి, "రేపు మాత్రం నాలుగింటికి ఫోన్ చేయొద్దండీ" అని బతిమాలింది. "నేనెందుకు చేస్తానమ్మా? వాడికి ఫోనెక్కడిదీ?" అందావిడ. ఇష్బెల్ తన సంచిలో ఒక టోపీ, రెండు జతల మేజోళ్లు, బూట్ల తాళ్లు, ఒక కళ్లజోడు సర్దింది. ఇక ఈ లోకంలో లాకీ మర్చిపోవడానికి ఏమీ మిగల్లేదు.

బుధవారం పొద్దున్నే కొట్టుకు తాళం వేసేముందు చివరి కప్పు టీ పెట్టుకుంది. పాత పద్ధతిలో పొయ్యి మీద పెట్టి మర్చిపోయి మూడు కెటిళ్లు మాడ్చిందని, కిందటి క్రిస్మస్‌కు లాకీ ఆమెకు కరెంటు కెటిల్ ఒకటి కొనిచ్చాడు. నీళ్లు మరగ్గానే అది టక్కుమని దానంతటదే ఆగిపోతుంది. ఆ టక్కుమన్న చప్పుడు వినగానే ఇష్బెల్ టీ కలుపుకుని నిలబడే తాగేసింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పరీక్షకెళ్లే పిల్లలా ఉంది ఆమె పరిస్థితి.

బయట లాకీ సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. "ఏ దారిన పోదామమ్మాయ్? సరస్సు పక్కనుంచి వెళ్తే సైకిల్ సుఖం, నడక కష్టం. అడవి దారినైతే సైకిల్ మోసుకుంటూ వాగు దాటాలి. మా తాతలు పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వి తెచ్చిన బురద దారొకటుంది, దాన్లో దిగబడితే వచ్చే వేసవికి తేలతాం."

"పైదాకా వెళ్లేదేదో ఆ దారి!"

"అన్నీ పైదాకానే వెళ్తాయి" అన్నాడు లాకీ. "మనమే వెళ్లం."

సరస్సు దారినే పట్టారు. అంత మంచి రోజు ఆ ఏడాదిలోనే రాలేదు. ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు. కొండంతా హెదర్ పూసి, కింది నుంచి పైదాకా ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టుంది. సైకిళ్లు దిగువకు జారినప్పుడల్లా ఇష్బెల్ కేక పెట్టింది. ముందు లాకీ "ట్రింగ్ ట్రింగ్!" అని గొర్రెల్ని చెదరగొడుతుంటే, ఆమె కూడా వెనక నుంచి "ట్రింగ్!" అంది. వేసవంతా కొట్టుకు సరుకులు సైకిల్ మీదే తెచ్చుకోవడం ఆమె కాళ్లకు బాగా పనికొచ్చింది. తొమ్మిది మైళ్లూ ఆయనతో సమానంగా తొక్కేసింది.

సైకిల్ దారి ఆగిపోయే చోట రాతి గుడిసె ఒకటి ఉంది. అక్కడ ఎవరూ ఉండరు, తాళమూ ఉండదు. పైకెళ్లేవాళ్లు ఆగి, బల్ల మీది లావుపాటి పుస్తకంలో పేరు రాసి వెళ్తారు. సైకిళ్లను హెదర్ పొదల్లో దాచడం ఆ వైపు ఆచారం. లాకీ అందులో ఆరితేరినవాడు. తొమ్మిది మైళ్ల దూరంలో దొంగే లేకపోయినా, దొంగ తాత దిగొచ్చినా కనిపెట్టలేనంత గొప్పగా దాచేవాడు. ఆ తర్వాత ఆయనే గంటసేపు వెతికేవాడు. అది తెలిసిన ఇష్బెల్ తన ఎర్ర ఏప్రాన్ తీసి సైకిల్ హ్యాండిల్‌కు కట్టి మరీ అప్పగించింది.

ఆయన దాచడానికి వెళ్లగానే ఆమె పుస్తకం తెరిచింది. పాత పేజీల్లో తన మూడు ఓటములూ వెతికి, ఆయన ముందు పెట్టి కడిగేయాలని ఆమె పంతం. దొరికాయి. రాత లాకీదే.

"ఇష్బెల్ గన్. దుప్పిలా ఎక్కింది. కోళ్లగూడు గుర్తొచ్చింది. వెనక్కి. తప్పు నాది."

ఇష్బెల్ కాసేపు ఆ మాటల మీదే చూపు నిలిపింది. దుప్పిలా ఎక్కడం ఏమిటి? ఆ రోజు ఆమె కొత్త బూట్లు వేసుకొచ్చింది. మడమ మీద కోడిగుడ్డంత బొబ్బ లేచింది. నొప్పి బయటపడకుండా పెదవి కొరుక్కుంటూ, కుంటుతూ ఎక్కింది. రెండోసారి గాలి తోసేస్తుంటే భయంతో నాలుగు కాళ్ల మీద పాకింది. మూడోసారి ఆపరేషనై రెండు నెలలు కూడా కాలేదు. నా వల్ల కావడం లేదని మూడుసార్లూ ఆమె అనలేదు. అనాల్సిన అవసరమే రాలేదు.

పేజీలు గబగబా తిప్పింది. "పళ్ల డాక్టరు, బావమరుదులు. డాక్టరు గుర్రంలా ఎక్కాడు. నా పళ్లు మరిచాను. వెనక్కి. తప్పు నాది." ఇన్వర్నెస్ నుంచి వచ్చిన పంతులమ్మలు, ఆయాసపు పాస్టరుగారు, కొత్తగా పెళ్లయి కొండ మీదే పోట్లాడుకున్న జంట. అందరూ జింకల్లా ఎక్కినవాళ్లే. ప్రతి ఒక్కరికీ చివర "తప్పు నాది." వాటి మధ్య మధ్యలో చిన్న చిన్న పంక్తులు. "సోమవారం. ఒక్కణ్ణే. పైదాకా. మబ్బు." "సోమవారం. ఒక్కణ్ణే. పైదాకా. మబ్బు, వాన." వందకు పైగా లెక్కపెట్టి ఆపేసింది ఇష్బెల్. జన్మలో శిఖరం తొక్కలేదా ఈయన!

చివరి పేజీలకు వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది. కిందటి సెప్టెంబరు. "సోమవారం. ఒక్కణ్ణే. కొండ భుజం దాకా. ఊపిరి." అక్టోబరు, భుజం దాకా. ఏప్రిల్, భుజం దాకా. మే, భుజం దాకా. శిఖరం కింద కొండ వంపు తిరిగే ఆ చోటు ఒక్కసారీ దాటలేదు. ఆ తర్వాత సోమవారాలు లేవు.

ఇష్బెల్‌కు సిగ్గేసింది. నవ్వొచ్చింది. ఆ ముసలాయన్ని పట్టుకుని నాలుగు తిట్టాలనీ, నాలుగు బిస్కెట్లు ఎక్కువ పెట్టాలనీ ఒకేసారి అనిపించింది.

"దాచేశా!" అంటూ లాకీ తలుపులోంచి తొంగిచూశాడు. "పద పద, ఈ రోజు నిన్ను పైకి తీసుకెళ్లకపోతే నువ్వు నా ఇల్లంతా ఎత్తుకెళ్లేలా ఉన్నావు."

పొదల్లోంచి బయల్దేరారు. అడుగడుక్కీ పిట్టలు బుర్రుమని లేచాయి. ఇష్బెల్ కాళ్లలో రెక్కలున్నట్టు నడిచింది. ఆయన నోట ఏ సాకు వస్తుందోనని ఎదురుచూసింది. రాలేదు. ఆమె అలిసిపోతే కదా వచ్చేది! అయితే లాకీకి కొత్తగా రాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఆగమ్మాయ్. ఈ రాయి చూశావా?"

"చూశా. రాయి."

"ఎంత బాగుందో కదా? కాసేపు చూడు."

పది అడుగుల తర్వాత ఇంకో రాయి. ఆ తర్వాత నాచు. ఆ తర్వాత ఒక గొర్రె పెంటిక. ప్రతిదాన్నీ నడుం మీద చెయ్యి పెట్టుకుని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ మెచ్చుకున్నాడు. ఇష్బెల్ కూడా ప్రతిదానికీ ఆగి, "ఆహా, ఏం పెంటిక!" అంది. ఆయన ముఖంలో రంగు మాత్రం ఒక్కో రాయికీ తగ్గుతూ వచ్చింది.

భుజం దాటారు. ఎదురుగా రాళ్ల గుట్ట. రెండొందల గజాలు. నీలాకాశం కింద ఎండలో మెరుస్తూ, చెయ్యి చాస్తే అందేలా ఉంది. ఇరవై ఏళ్లలో ఇష్బెల్ దాన్నింత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. ఆమె కాళ్లు వాటంతటవే పరిగెత్తబోయాయి.

లాకీ రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వంగిపోయాడు. "పద. నేనేమీ మర్చిపోలేదు. పద నువ్వు, వెనకే వస్తున్నా."

వస్తాడు. అదే ఇష్బెల్ భయం. నలభై ఏళ్లలో ఒక్క ఉత్తరం కూడా గేటు దగ్గర వదిలిపెట్టకుండా తలుపుదాకా తీసుకెళ్లిచ్చిన మనిషి. కూర్చోమంటే కూర్చోడు. తనొక్కతే పోయి వస్తే, ఈ రోజు పైకి రాలేకపోయినవాడు లాకీ అవుతాడు. ఆమె రాళ్ల గుట్టవైపు ఆశగా చూసింది, ఆయనవైపు చూసింది. పదకొండో పేజీ గుర్తొచ్చింది. ఒక్క నిమిషం ప్రాణం కొట్టుకుంది.

"అయ్యో!" అని ఒక్క కేక పెట్టింది.

"ఏమైంది?"

"కెటిల్! స్విచ్చేసి అలాగే వదిలేసి వచ్చా!"

లాకీ తలెత్తి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నడుం నిటారుగా నిలబెట్టి అందుకున్నాడు. "ఇదీ! ఇలాంటి మతిమరుపు మనుషుల్ని తీసుకొస్తే ఇంతే! నాలుగడుగుల్లో పెట్టుకుని కెటిలంట, కెటిలు! కొంప తగలబడిపోదూ? దిగు దిగు!"

"తప్పు నాదే లాకీ."

"నీదే మరి!"

దిగేముందు ఇష్బెల్ ఒక్కసారి చుట్టూ తిరిగి చూసింది. రెండు సరస్సులు కనిపించాయి. ఒక దీవి. ఐర్లండ్ ఎక్కడా లేదు. కింద తన టీ కొట్టు రేకు కప్పు అగ్గిపెట్టెంత చిన్నగా మెరిసింది, ఎక్కడా పొగ లేదు. దారంతా లాకీ తిడుతూనే దిగాడు. తిట్టేకొద్దీ ఆయన ముఖానికి రంగొచ్చింది. ఇష్బెల్ ఆ తిట్లన్నీ హాయిగా పడింది.

సైకిళ్ల దగ్గరకొచ్చేసరికి సైకిళ్లు లేవు. ఎర్ర ఏప్రాన్ కూడా లేదు.

"ఏప్రాన్ ఏది లాకీ?"

"తీసి జేబులో పెట్టా. దొంగలకు ఆనవాలు చూపిస్తామా ఏంటి?"

ఊదారంగు పొదల్లో ఇద్దరూ ముప్పావు గంట పాకారు. చివరికి లాకీ తన సైకిల్ పెడలే తగిలి బోర్లా పడ్డాడు. పొదల్లోంచి లేవకుండానే "ట్రింగ్!" అన్నాడు. ఇష్బెల్ కడుపు పట్టుకుని కూలబడి నవ్వింది. ఆయన సైకిళ్లు బయటికి లాగేలోపు గుడిసెలోకి పోయి పుస్తకం తెరిచింది. "లాక్లన్ మెక్‌ఫీ, ఇష్బెల్ గన్. లాకీ దుప్పిలా ఎక్కాడు. నా కెటిల్ గుర్తొచ్చింది. వెనక్కి. తప్పు నాది."

శుక్రవారం పొద్దున టీ కొట్టు నిండిపోయింది. అప్పటికే లాకీ ఈ కథ లోయంతా చాటేశాడు. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఏడోసారి చెబుతున్నాడు. ఎఫీ వచ్చి ఇష్బెల్ ముందు చెయ్యి చాచింది. ఇష్బెల్ కాగితం అందించింది.

ఎఫీ పైకి చదివింది. "'శిఖరానికి రెండొందల గజాల ఇవతల నుంచి కనిపించేవి: సరస్సులు రెండు, దీవి ఒకటి, చాలా అందమైన రాళ్లు. వెనక్కి తిరగడానికి ఈ కొండ మీద ఇంతకంటే మంచి చోటు లేదు. స్వయంగా చూసినది, ఇష్బెల్ గన్.' ఇదేంటే? ఏడు సరస్సులన్నావుగా ఇన్నాళ్లూ?"

"ఎండాకాలం కదా, తగ్గాయి" అంది ఇష్బెల్.

"పైదాకా ఎందుకెళ్లలేదు మరి?"

"కెటిలమ్మా, కెటిలు!" అన్నాడు లాకీ బల్ల చరిచి. "నేను చకచకా ఎక్కేస్తున్నా. ఈవిడే కెటిలని గోల పెట్టి దింపేసింది!"

ఎఫీ బల్ల మీదున్న కెటిల్‌ను చూసింది. దాన్లో నీళ్లు మరిగి, అందరూ చూస్తుండగానే అది టక్కుమని ఆగిపోయింది.

"అది దానంతటదే ఆగిపోయేది కదా!" అంది ఎఫీ. "నువ్వే కదూ లాకీ, కొనిచ్చింది?"

కొట్టులో అందరూ లాకీ వైపు తిరిగారు. ఇష్బెల్ గబగబా బిస్కెట్ల డబ్బా తీసి లాకీ ముందు పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని, ముప్పై రెండు సొంత పళ్లతో నింపాదిగా కొరికాడు.

"ఒక్కోసారి ఆగదు" అన్నాడు.